ఆటోనగరులో పాత మోటారు భాగముల సేకరణ

మనుష్యుడు సేకరించని వస్తువు లోకములో లేదనవచ్చును. నాణెములను కూర్చుకొనేవారు ఉన్నారు. తపాలా బిళ్ళలను, తాళపత్రములను, పాత గడియారములను కూర్చుకొనేవారు ఉన్నారు. వీరిని చూచి ఎవరును ఆశ్చర్యపడరు. కాని పాత మోటారు బండ్ల విడిభాగముల కొరకు దుకాణము వెంట దుకాణము తిరిగేవారు, తుప్పు పట్టిన కార్బురేటరును గుడ్డలో చుట్టి భద్రముగా ఇంటికి తెచ్చుకొనేవారు కూడ ఉన్నారని వినగానే చాలామందికి నవ్వు వస్తుంది. నాణెముపై రాజముద్ర ఉన్నది, తాళపత్రములో కావ్యమున్నది, ఈ ఇనుప ముక్కలో ఏమున్నదని వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము. అందుకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. విజయవాడలో పటమటకును కానూరునకును చేరువనున్న ఆటోనగరుకు పోతే చాలును.

ఆటోనగరు అనే మాట నేడు మన భాషలో సామాన్య నామమువలె వాడుకలోకి వచ్చినది. గుంటూరులో ఆటోనగరు ఉన్నది, విశాఖపట్నములో ఉన్నది, హైదరాబాదులో ఉన్నది. అయినను ఆ పేరు చెప్పగానే మొదట స్ఫురించేది విజయవాడలోని జవహర్ ఆటోనగరే. మదరాసునుండి కలకత్తాకు పోయే రహదారియు, హైదరాబాదునుండి మచిలీపట్నమునకు పోయే రహదారియు ఈ నగరములో కలుసుకొంటవి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తియై, కృష్ణకు ఆవలి ఒడ్డునకు రోడ్డు ఏర్పడినది. డెల్టాలో పండిన ధాన్యము, నూజివీడు మామిడి, బందరు చేపలు, అన్నియు లారీ ఎక్కవలసినవే. లారీలు ఉన్నచోట మరమ్మతు తప్పదు. ఊరి నడుమ ఇరుకు సందులలో చెదరి ఉన్న షెడ్లను ఒక్కచోట చేర్చవలెనన్న ఆలోచనతో 1960ల దశకములో ఈ నగరు రూపు దిద్దుకొన్నది.

లోపలికి అడుగుపెట్టగానే వినబడేది సుత్తి చప్పుడు. ఒక వరుసలో లారీలకు, బస్సులకు బాడీలు కడుతుంటారు. మరొక వరుసలో కమానుపట్టీలను కొలిమిలో కాల్చి వంపు సరిచేస్తుంటారు. ఒకచోట రేడియేటర్లకు మాటు పెడుతుంటారు, ఇంకొకచోట లేత్ మర మీద షాఫ్టులను తరిణె పడుతుంటారు. వీటి నడుమ పాత సామాను దుకాణములు. కప్పు తాకేవరకు గేరుపెట్టెలు, ఇరుసులు, స్టీరింగు చక్రములు, తలుపులు, దీపములు. చూచేవారికి అది గుట్ట. దుకాణదారునికి మాత్రము అది గ్రంథాలయము. ఏ వస్తువు ఏ మూలనున్నదో కన్నులు మూసికొని చెప్పగలడు. అతనిని, ఈ గేరు ఏ బండిదండీ అని అడిగితే, మీకు ఏ బండికి కావాలండీ అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ఎదురు ప్రశ్నలోనే ఆటోనగరు స్వభావమంతయు ఉన్నది. అక్కడ పాత వస్తువు పురావస్తువు కాదు, మరొక బండిలో మరల తిరుగవలసిన వస్తువు. సేకరించేవాడు ఈ సంగతిని మొదట గ్రహించవలెను.

ఆ భాగములు ఇక్కడికి ఎట్లు చేరినవో, ఎందుకు నిలిచినవో తెలియవలెనంటే కొంచెము వెనుకటి చరిత్ర చూడవలెను.

మన ప్రాంతములో మోటారు బస్సు మొదట పోటీ పడినది పడవతో. ఏలూరు కాలువ, బందరు కాలువ మొదలైన వాటిమీద పడవలలో ప్రయాణించిన జనము క్రమముగా బస్సు ఎక్కినారు. అవి షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి వంటి అమెరికా బండ్లు. విదేశమునుండి చాసిస్ వస్తే, దానిపై చెక్కతో, రేకుతో బాడీ ఇక్కడి వడ్రంగులు కట్టేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పెట్రోలుకు కొరత వచ్చి, రేషను విధించినప్పుడు, బస్సు వెనుక ఒక పెద్ద గొట్టపు పొయ్యి అమర్చి, బొగ్గు మండించి, ఆ వాయువుతో ఇంజను నడిపినారు. బొగ్గు బస్సు అనే మాట మన పెద్దల నోట చాలాకాలము నిలిచినది. కుంపటి రాజుకొనేవరకు ప్రయాణికులు వేచి ఉండవలెను. ఎత్తు ఎక్కవలసి వస్తే బండికి శక్తి చాలదు. పెట్రోలు దొరకగానే ఆ పొయ్యిలను తీసి పారవేసినారు. కనుకనే నేడు బొగ్గు బస్సు పొయ్యి ఒక్కటి చిక్కినను సేకరించేవారికి అది నిధివంటిది.

యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమువారు తమకు అక్కరలేని వాహనములను అమ్మివేసినారు. ఆ విధముగా జీపులు, లారీలు సామాన్యుల చేతికి వచ్చినవి. 1953లో సుంకముల సంఘము చేసిన సిఫారసులను అనుసరించి, ఈ దేశములో క్రమముగా భాగములను తయారు చేయుటకు పూనుకొనే సంస్థలకే చోటు అని ప్రభుత్వము నిర్ణయించినది. విడిభాగములను తెచ్చి బొంబాయిలో 1928 నుండి బండ్లు కూర్చుతుండిన జనరల్ మోటార్సు సంస్థ 1954లో ఆ పని ముగించినది. ఫోర్డు వారును అదే కాలములో వెళ్ళిపోయినారు. మిగిలిన క్షేత్రములో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు, బొంబాయిలో ప్రీమియర్, మహీంద్రా, మదరాసులో స్టాండర్డు, అశోక్ లేలాండు, జంషెడ్‌పూరులో టాటా వారు నిలిచినారు.

ఈ నిర్ణయము మంచిదా చెడ్డదా అన్నది ఆర్థికవేత్తల చర్చ. మనకు కావలసినది దాని ఫలితము. షెవ్రొలే లారీ కొన్నవాని ఇంటి ముందు బండి ఉన్నది కాని, దాని కంపెనీ దేశములో లేదు. దిగుమతికి లైసెన్సు సులభముగా దొరకదు. బండి నిలిస్తే కుటుంబము నిలుస్తుంది. అప్పుడు మేస్త్రీ ముందుకు వచ్చినాడు. విరిగిన భాగమును చేతితో తడిమి, కొలిచి, లేత్ మీద దానికి జోడు తయారు చేసినాడు. ఒక లారీ గేరుపెట్టెను మరొక లారీకి దించినాడు. పనికిరాదని కంపెనీ పుస్తకము చెప్పిన సిలిండరుకు కొత్త గొట్టము వేసి మరల పది సంవత్సరములు నడిపించినాడు. కనుక పాత భాగమును ఎవరును పారవేయలేదు. నేడు కాకున్న రేపు దానితో అవసరముంటుందని దాచినారు. మన దేశములో మోటారు చరిత్ర భద్రపడినది మ్యూజియములలో కాదు, కొరతవలన దుకాణములలో భద్రపడినది.

కృష్ణా జిల్లా మోటారు చరిత్రలో మరొక ఘట్టమును కూడ చెప్పవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. జిల్లాలోని బస్సు మార్గములను ఆ సంస్థ తీసికొనుటకు ప్రయత్నించగా, ఎన్నో ఏండ్లుగా బస్సులు నడుపుతున్న ప్రైవేటు యజమానులు సుప్రీం కోర్టుకు వెళ్ళినారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర గ్రంథములలో అది ప్రసిద్ధి. అభ్యంతరములను విన్నవాడు ఒకడు, తీర్పు చెప్పినవాడు మరొకడు అయినప్పుడు ఆ విచారణ విచారణ కాదని, 1958 నవంబరులో కోర్టు ఆ పథకమును కొట్టివేసినది. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావుగారు. అయినను జాతీయీకరణ ఆగలేదు. క్రమముగా మార్గములు సంస్థ చేతికి వచ్చినవి. ఆ ప్రైవేటు బస్సులు పోయినవి. వాటి పేరు పలకలు, టిక్కెట్టు పుస్తకములు, పర్మిట్టు కాగితములు, ఇత్తడి బూరలు ఎక్కడనో అటకలమీద మిగిలినవి. న్యాయవాదులకు ఆ కేసు పుస్తకములో దొరుకుతుంది. ఆ కేసు ఏ బస్సులను గురించినదో ఆ బస్సుల ఆనవాలు మాత్రము సేకరించేవాడే వెదకి తేవలెను.

ఇక వెదకుట ఎట్లు? గుట్టలో చేయి పెట్టినవానికి ఏది ఏమిటో తెలియవలెను. దానికి చదువు కలదు. ఒకటి రెండు ఉదాహరణములు చెప్తాను.

యుద్ధకాలపు జీపులను రెండు కంపెనీలు తయారు చేసినవి. విల్లీస్ వారు ఒకరు, ఫోర్డు వారు మరొకరు. రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు. చూచుటకు కవలపిల్లలు. ఒకదాని భాగము మరొకదానికి అమరవలెననియే సైన్యము ఆ విధముగా చేయించినది. అయినను ఫోర్డు వారు తమ భాగములమీద, చిన్న బోల్టు తలమీద సహా, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరమును ముద్రించినారు. రేడియేటరు క్రింద అడ్డముగా ఉండే కమ్మీ విల్లీసులో గుండ్రని గొట్టము, ఫోర్డులో బోర్లించిన దోనె. ఎనభై ఏండ్లు దాటిన పిమ్మట నేడు ఒక బోల్టును కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, దాని తలమీద ఆ అక్షరము బయటపడినప్పుడు కలిగే ఆనందము శాసనమును చదివినవాని ఆనందమునకు తీసిపోదు.

అంబాసిడరు కారు మనకందరకు సుపరిచితము. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాగా 1957లో మొదలై, 2014 వరకు తయారైనది. అన్ని ఏండ్లు ఒకే రూపమని పైపైన చూచినవారు అంటారు. ఎరిగినవారు అట్లు అనరు. మొదటి బండ్లలో వాల్వులు సిలిండరుకు ప్రక్కన ఉండే పాత పద్ధతి ఇంజను. 1959లో దాని స్థానమున వాల్వులు పైన ఉండే 1,489 సీసీ ఇంజను వచ్చినది. కనుక ప్రక్క వాల్వుల అంబాసిడరు ఇంజను రెండు మూడేండ్ల ముచ్చట. దానికి చెందిన సిలిండరు తల ఒక్కటి దొరికినను విశేషమే. అట్లే ఫియట్ 1100 తరువాతి కాలములో ప్రీమియర్ పద్మిని అయినది. 1961లో మదరాసులో స్టాండర్డు హెరాల్డు వచ్చినది. పేరు మారినప్పుడెల్ల బానెట్టుమీది చిహ్నము, డాష్‌బోర్డు గడియారము, తలుపు పిడి మారినవి.

మూడవది బోల్టుల సంగతి. బోల్టుకు మరచుట్టు ఉంటుంది. దీనినే మెకానిక్కులు థ్రెడ్డు అంటారు. ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో దీనికి మొదటి ప్రమాణమును ఏర్పరచినాడు. అతని చుట్టు కోణము 55 డిగ్రీలు. తరువాత అమెరికా, ఇంగ్లాండు, కెనడా దేశములు కలిసి అంగీకరించిన ఏకీకృత చుట్టుకు 60 డిగ్రీలు. ఐరోపావారి మెట్రిక్ చుట్టు కొలత వేరు. పాత ఇంగ్లీషు బండికి విట్‌వర్తు, అంబాసిడరు ఇంజనుకు ఏకీకృత చుట్టు, ఫియట్‌కు మెట్రిక్. ఒకదాని బోల్టును మరొకదానికి బలవంతముగా బిగిస్తే రెండు మూడు చుట్లు ఎక్కును, పిమ్మట గాడి చెడును. చేతి పానాల పెట్టె చూచియే ఆ మేస్త్రీ ఏ కాలములో ఏ బండ్లమీద పని నేర్చినాడో చెప్పవచ్చును. కనుక పాత పానాలు కూడ సేకరించదగినవే. వాటి పిడిమీద ముద్రించిన కొలత అంగుళములలో ఉన్నదా మిల్లీమీటర్లలో ఉన్నదా అన్నది ఒక తరమునకు మరొక తరమునకు నడుమ గీచిన గీత.

బండి భాగములతోపాటు షెడ్డుకు సంబంధించిన సామగ్రి మరొక తెగ. బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్సు వంటి చమురు సంస్థల పేరు పలకలు, ఆయిలు డబ్బాలు, చేతితో త్రిప్పే పెట్రోలు పంపులు, టైరు కంపెనీల గడియారములు ఇందులో చేరుతవి. ఎస్సో 1974లో, బర్మా షెల్ 1976లో ప్రభుత్వ పరమైనవి. ఒకటి హిందుస్థాన్ పెట్రోలియము, మరొకటి భారత్ పెట్రోలియము అయినవి. ఒక్క పూటలో పాత పలకలు దిగి కొత్త పలకలు ఎక్కినవి. దిగిన పలకలు మంచి దళసరి రేకు కనుక కోళ్ళ గూటికి కప్పుగా, కాలువగట్టున టీ బడ్డీకి గోడగా మారినవి. ఇనుప రేకుమీద గాజుపొడి పూసి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి చేసిన ఎనామెలు అది. అందుకే ఎండకు వానకు రంగు వెలవెలబోదు. రంగు పోయేది దెబ్బ తగిలినచోటనే.

వస్తువుకు ధర వచ్చినప్పుడు నకిలీయు వస్తుంది. కొత్త రేకుమీద పాత చిత్రమును అచ్చువేసి, ఆమ్లముతో తుప్పు పట్టించి అమ్మేవారు ఉంటారు. అసలు పలక బరువుగా ఉంటుంది. అంచును తడిమితే రంగుపొరలు ఒకదానిమీద ఒకటి మెట్లు మెట్లుగా వ్రేలికి తెలుస్తవి. మేకు రంధ్రముల చుట్టు, మేకు బిగించినప్పుడు గాజు చిట్లిన గుర్తులు ఉంటవి. తుప్పు అక్కడినుండి లోపలికి ప్రాకుతుంది. నకిలీలో రంధ్రము శుభ్రముగా ఉండి తుప్పు మాత్రము పలక నడుమ ఉంటుంది. మొత్తము మీద, వయస్సు వస్తువుకు ఉచితమైన చోట వచ్చినదా లేదా అని చూడవలెను. కారు భాగములలోను ఇదే న్యాయము. బ్రేకు పెడలు రబ్బరు అరగకుండ, మిగిలిన బండియంతయు అరిగినట్లుంటే సందేహింపవలెను.

ఇంతవరకు చెప్పినది వేటకు సంబంధించిన విద్య. ఇక అసలు ప్రశ్నకు వస్తాను. దేనిని భద్రపరచవలెను?

ప్రపంచమంతట సేకరించేవారు కోరేది అసలు భాగము. కంపెనీనుండి వచ్చినది వచ్చినట్లు ఉండవలెను. మన చట్టము కూడ నేడు అదే కోరుతున్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనముల నమోదుకు ప్రత్యేక నియమములను ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములు దీనికి అర్హములు. చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండరాదు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయల రుసుము. అది పది సంవత్సరములు చెల్లును. నంబరులో రాష్ట్రపు అక్షరముల తరువాత వీఏ అనే అక్షరములు వస్తవి. ఆ బండిని ప్రదర్శనలకు, పరిశోధనకు, ర్యాలీలకు నడుపుకోవచ్చునే గాని నిత్యము వాడుకొనరాదు. ఇది మంచి నియమమే. పాత కార్లకు ఒక గౌరవస్థానము ఏర్పడినది. దీనితో అసలు భాగములకు గిరాకీ పెరుగుట సహజము.

కాని మన మేస్త్రీల ఘనత ఎక్కడ ఉన్నది? మార్చిన భాగములోనే ఉన్నది. 1973లో చమురు ధరలు మండిపోయిన పిమ్మట ఎన్నో జీపులకు, కార్లకు పెట్రోలు ఇంజను తీసివేసి డీజిల్ ఇంజను దించినారు. దానికొరకు ఇంజను కూర్చుండే మేకలుపట్టీలను క్రొత్తగా చేసినారు, గేరుపెట్టెకు ఇంజనుకు నడుమ అతుకు పలకను తరిణె పట్టినారు. ఆ పలకకు కంపెనీ నంబరు లేదు. ఏ పుస్తకములోను దాని బొమ్మ లేదు. అంతర్జాతీయ విపణిలో దానికి కాసు విలువ లేదు. చట్టము దృష్టిలో అది బండికి ఒక లోపము. పాత ఇనుము వ్యాపారి దృష్టిలో అది కొన్ని కిలోల తూకము. కాని ఆలోచించి చూడండి. కంపెనీవారు తయారుచేసిన కార్బురేటరు ఒకటి ఇక్కడ పోయినను, దాని జోడు మరొక దేశములో ఉండును. మన మేస్త్రీ చేసిన అతుకు పలక పోతే, దానికి జోడు లేదు. ఆ నేర్పుకు సాక్ష్యము అదొక్కటే.

ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యాంశము. అసలు భాగమునకు విలువ ఇచ్చుట మనకు ఇతరులు నేర్పిన విద్య. అది నేర్చుకొనదగినదే. మార్చిన భాగమునకు విలువ ఇచ్చుట మాత్రము మనమే నేర్చుకొనవలెను, మన తరఫున మరెవ్వరును ఆ పని చేయరు. ఒక జీపును తిరిగి అసలు రూపునకు తెచ్చేవారు, దానినుండి తీసివేసిన స్థానిక భాగమును తూకమునకు వేయకుండ, ప్రక్కన ఒక అరలో పెట్టితే రెండు ప్రయోజనములును నెరవేరుతవి. బండి కంపెనీ చరిత్ర చెప్తుంది. అరలోని ముక్క ఊరి చరిత్ర చెప్తుంది.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. 2021 ఆగస్టులో పాత వాహనముల తుక్కు విధానము అమలులోకి వచ్చినది. కాలము తీరిన బండ్లను అధికారికమైన కేంద్రములలో విడదీసి ముక్కలు చేయవలెనని దాని ఆశయము. గాలి శుభ్రపడుటకు, రోడ్డు భద్రతకు అది అవసరమే. దానిని కాదనుట న్యాయము కాదు. అయితే కొలిమికి పోయే కుప్పలో ఏమి ఉన్నదో చూడగల కన్నులు ఉన్నంతవరకే కొన్ని వస్తువులు మిగులుతవి. షెవ్రొలే లారీమీద పని నేర్చినవారు నేడు వృద్ధులలోను అరుదు. వారు చెప్పకుంటే ఆ ముక్క ఏమిటో చెప్పేవారు లేరు. పేరు తెలియని వస్తువు తుక్కు క్రిందనే లెక్క.

ఇతర దేశములలో ఏమి చేసినారో ఒక్కమాట. ఇంగ్లాండులో బ్యూలీ అనే గ్రామమున, లార్డు మాంటెగు అనే ఆయన తన మోటారు మ్యూజియము ప్రక్కన 1967లో పాత భాగముల సంత ఒకటి ప్రారంభించినాడు. ఏటేట ఆ సంతకు దేశదేశములనుండి జనము వస్తారు. మన పశువుల సంతవలె బేరమాడి, భాగములు మార్చుకొని, తెలిసినవారిని అడిగి పోతారు. మన దేశములో కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964 నుండి పాత కార్ల ర్యాలీ జరుపుతూ వచ్చినారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెసులో, ఆరవ నిజాము కొరకు తయారై 1912లో వచ్చిన పసుపు వన్నె రోల్స్ రాయిస్ కారును చూడవచ్చును. నిజాము రాజ్యములో 1932లో 27 బస్సులతో ప్రారంభమైన రోడ్డు రవాణా శాఖకు చెందిన ఆల్బియన్ బస్సు ఒకటి దక్కన్ క్వీన్ అనే పేరుతో నేటికిని భద్రముగా ఉన్నది.

ఇందులో ఒక భేదమును గమనించండి. రాజుగారి కారు తిరిగినది తక్కువ, కనుక నిలిచినది. ధాన్యపు లారీ, పల్లె బస్సు అరిగి విరిగి ఆగేవరకు తిరిగినవి, కనుక పూర్తిగా నిలిచినవి బహు కొద్ది. కష్టపడినవాని చరిత్ర ఎప్పుడును ముక్కలుగానే దొరుకుతుంది. లారీ విషయములో ఆ మాట అక్షరాల నిజము. అందుచేత లారీ చరిత్ర కావలెనంటే భాగములనే ఏరుకొనవలెను.

సేకరించదలచిన యువకులకు కొన్ని సూచనలు చేసి ముగిస్తాను. మొదటిది, ఒక పుస్తకము పెట్టుకొనండి. ప్రతి వస్తువుకు ఒక అంకె వేసి, అది ఏ దినమున, ఎక్కడ దొరికినది, ఏ బండిది, దానిపై ఏ ముద్రలు ఉన్నవి, ఎవరు ఏమి చెప్పినారు అన్నది అప్పటికప్పుడు వ్రాయండి. వస్తువు కొన్న సాయంకాలము జ్ఞాపకమున్నది సంవత్సరము తరువాత ఉండదు. రెండవది, అతిగా తోమకండి. ఇత్తడిని చింతపండుతో తళతళలాడించుట మన ఇండ్లలో అలవాటే. కాని ఆ తోముడులో సన్నని అక్షరములు, మేస్త్రీ గీచిన గుర్తులు చెరిగిపోతవి. కిరసనాయిలు, మెత్తని గుడ్డ, ఓపిక చాలును. జింకుతో పోతపోసిన చిహ్నములు బొడిపెలు లేచి ఉంటే వాటిని గీకకుండ వదలుట మేలు. మూడవది, పాత బ్రేకు, క్లచ్చి పట్టీలలో ఆస్బెస్టాసు ఉంటుంది. ఆ ధూళిని నోటితో ఊదరాదు. తడిగుడ్డతో తీయవలెను. అది ఊపిరితిత్తులకు మహమ్మారి.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. చాసిస్ నంబరు, ఇంజను నంబరుగల పలకలను బండినుండి వేరుచేసి ఎవరైన అమ్మజూపితే కొనకండి. అవి దొంగబండ్లకు ముసుగు కాగలవు. ఇంజను వంటి పెద్ద భాగము కొన్నప్పుడు రసీదు తీసికొని దాచుకొనండి. ఐదవది, వృద్ధులైన మేస్త్రీల వద్ద ఒక గంట కూర్చుండండి. బేరమాడుటకు కాదు, వినుటకు. ఆ మాటలను యంత్రములో నమోదు చేయుట నేడు ప్రతివారి చేతిలోని పని. వారు చెప్పినదానికి వారి పేరు పెట్టండి.

విజయవాడ బాపు మ్యూజియములో శిల్పములకు, నాణెములకు, ఆయుధములకు చోటున్నది. అవి ఒకప్పుడు ఎవరో మట్టిలోనుండి తీసి, ఇవి రాళ్ళు కావు అని చెప్పుటవలననే అక్కడికి చేరినవి. ఆటోనగరులోని ఏదో ఒక శాలలో, ఒక చిన్న గదిలోనైన, మేస్త్రీల చేతి భాగములకు ఒక అర ఏర్పడుట అసాధ్యము కాదు. దానికి భవనము కంటె ముందు కావలసినది గుర్తించే చూపు. అతుకు పలక ఒకటి, అరిగిన పానా ఒకటి, విరిగి అతికిన కమాను ఒకటి, వాటి ప్రక్కన అది చేసినవాని పేరు, ఊరు, సంవత్సరము వ్రాసిన కాగితము ఒకటి ఉంటే చాలును. డెల్టాను అర్ధశతాబ్దికి మించి కదిలించిన చేతులు ఎవరివో మన పిల్లలకు తెలుస్తుంది. ఆ పేర్లు చెప్పగలిగినవారు ఇంకను కొందరు మన నడుమ ఉన్నారు. వారిని అడుగుటకు ఇదియే సమయము.